భగత్ సింగ్ మాకేమవుతాడు?

మేం ఇంట్లో ఉర్దూ మాట్లాడతాం. గల్లీ దాటితే తెలుగు. మా ఉర్దూని మీరు 'తురక మాటలు' అంటారు. ఆ తురక మాటల్లోనే భగత్ సింగ్ 1931 మార్చి 3న జైలు నుంచి తమ్ముడు కుల్తార్‌కి ఉత్తరం రాశాడు, షేర్లు కలిపి. ఇరవై రోజులకి ఉరి తీశారు.

ఇవాళ ఆయన బొమ్మ ఎత్తుకున్న ఊరేగింపు మా మసీదు ముందుకొచ్చేసరికి డప్పు జోరు పెరుగుతుంది. నినాదం మారుతుంది. ఆయన మీవాడు, మేం పరాయివాళ్లం!

నిజం చెప్పుకోవాలి. మేమూ ఆయన్ని పూర్తిగా చదవలేదు. మా ఇళ్లలో ఆయన షహీద్. దేవుడు లేడన్నాడంటే మాత్రం అమ్మీ 'తౌబా తౌబా' అని చెంపలేసుకుంటుంది. 'నేను నాస్తికుణ్ణెందుకయ్యాను'ని కాలేజీ రోజుల్లో నోటుబుక్కుల మధ్య దాచుకుని చదివాం. 1930 అక్టోబర్‌లో లాహోర్ సెంట్రల్ జైల్లో రాసిందది. గర్వం తలకెక్కి దేవుణ్ణి కాదంటున్నాడన్న నిందకి జవాబు. సర్వశక్తిమంతుడైతే ఇంత దుఃఖాన్నెందుకు ఆపడని నిలదీశాడు. ఇంగ్లీషువాడి పాలన దైవేచ్ఛ కాదు, వాడి చేతిలో తుపాకులున్నాయి గనక సాగుతోందన్నాడు. జన్నత్ ఆశ లేకుండా చావుకి సిద్ధపడ్డ మనిషిని చూసి మాకు భయమేసింది. కొన్ని ప్రశ్నలకి మా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

ఆ పుస్తకమే చూపించి కొందరు సెక్యులర్ మిత్రులు, ముందు నమాజు మానండి, తర్వాత దోస్తీ అంటారు. భగత్ సింగ్ ఆ షరతు పెట్టలేదు. 1927 డిసెంబర్ 19న ఫైజాబాద్‌లో ఉరికంబమెక్కిన అష్ఫాఖుల్లా ఖాన్ నమాజీ. ఆయనతో సహా కాకోరీ వీరుల గురించి భగత్ సింగ్ 'కిర్తి' పత్రికలో గౌరవంగా రాశాడు. మతం ఎవరిది వారికే ఉండాలి, రాజకీయాల్లోకి రాకూడదన్నాడు.

మత కల్లోలాల మీద ఆయన రాసిన వ్యాసం పత్రికల్లో పనిచేసే మమ్మల్ని ఇంకా గట్టిగా కుట్టింది. నాయకులతోపాటు పత్రికల్నీ బోనులో నిలబెట్టాడు. రెచ్చగొట్టే శీర్షికలతో తలలు పగలగొట్టిస్తున్నారని తిట్టాడు. 'ఒక వర్గం వారు' అని వార్త వస్తే, ఆ వర్గం మేమేనని తెలిసీ, అక్షరదోషాలు మాత్రం దిద్ది పేజీకి పంపిన చేతులు మావి. నౌకరీ పోతుందని నోరు మూసుకున్నాం. అది మా గునా.

ఈసారి ఊరేగింపు మా గల్లీకొస్తే బొమ్మ మోసేవాళ్లని అడుగుతాం: తమ్ముడికి రాసిన ఆ ఉత్తరం మీరు చదవగలరా? రాదంటే కూచోండి, చాయ్ తాగండి. మేం చదివి వినిపిస్తాం.