ఆసుపత్రి గడప దాకా

పాషాణం ప్రాణం తీస్తుందనే మా కడప సీమ పల్లెలలో అందరూ ఎరుగుదురు. పిండిలో కలిపి ఎలుకలకు పెట్టేవారని మా జేజి చెప్పేది. అదే పాషాణం ఒక భయంకర వ్యాధికి ఔషధమైనదని 2011లో మా అన్న కూతురు జబ్బుపడినప్పుడు తెలిసింది.

ఆ వ్యాధి పేరు అక్యూట్ ప్రోమైలోసైటిక్ ల్యుకేమియా. రక్తపు క్యాన్సర్లలో అరుదైనది. 1957లో నార్వే వైద్యుడు హిల్లెస్టాడ్ దీనిని ప్రత్యేకంగా వర్ణించినప్పుడు రోగులు కొద్ది వారాలలోనే మరణించేవారు. ఎముకల మూలుగలో తెల్లకణాలు పక్వానికి రాక, పసిదశలోనే నిలిచి, గుంపులుగా పెరుగుతాయి. రక్తం గడ్డకట్టే గుణాన్ని చెడగొడతాయి. కనుక రోగిని ముందుగా బలిగొనేది చాలావరకు రక్తస్రావమే, ముఖ్యంగా మెదడులో.

1980లలో షాంగైలో వాంగ్ జెన్‌యీ అనే వైద్యుడు, 'ఎ' విటమిన్‌కు సంబంధించిన ట్రెటినాయిన్ అనే మందుతో ఆ పసికణాలను పక్వానికి తెచ్చాడు. (బొప్పాయి తింటే చాలునని ఎవరూ భ్రమపడరాదు సుమా!) అంతకుముందే 1970లలో హార్బిన్ వైద్యులు ఆర్సెనిక్‌ను, అనగా పాషాణాన్ని, శుద్ధిచేసి సూదిమందుగా వాడసాగారు. మనకు చేరువలోని రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1998 నుండి 2004 వరకు 72 మందికి ఈ మందు ఒక్కదానితోనే చికిత్స చేశారు. 86 శాతం మందిలో వ్యాధి అణగింది. మూడేళ్ళకు బ్రతికి ఉండేవారూ ఇంచుమించు అంతమందేనని 2006లో ప్రకటించారు. ఖరీదైన చికిత్సకు తాళలేని మన పేదలకు ఇది ఎంతటి వరమో చెప్పనలవికాదు.

అయితే ఈ లెక్కలన్నీ ఆసుపత్రి గడప తొక్కినవారివి. స్వీడన్ వంటి సంపన్న దేశంలో దేశమంతటి రోగులనూ లెక్కించగా, 1997–2006 మధ్య 105 మందిలో 29 శాతం 30 రోజులలోపే మరణించారు. ఇక మన మెట్టసీమ మాటేమిటి?

మా పిల్లకు చిగుళ్ళ నుండి రక్తం కారింది. దెబ్బ తగలకుండానే తొడలపై నల్లని మచ్చలు లేచాయి. ఊరివారు వేడి చేసిందన్నారు. జమ్మలమడుగులో రక్తపరీక్ష చూసిన యువ వైద్యుడొకరు మాత్రం "రేపటిదాకా ఆగవద్దు, ఈ రాత్రే బయలుదేరండి" అన్నారు. గువ్వలచెరువు ఘాటు, రాయచోటి, చిత్తూరు దాటి తెల్లవారేసరికి రాయవేలూరు చేరాం. జన్యుపరీక్ష ఫలితం కోసం ఆగకుండా, అనుమానంతోనే మాత్రలు మొదలుపెట్టి, ప్లేట్‌లెట్లు ఎక్కించారు. మొదటి పది రోజులు గడిచాక గాని మాకు ముద్ద దిగలేదు. పిల్ల నిలిచింది.

పక్క మంచం రోగికి తోడుగా వచ్చిన ఆలూరు రైతు తన ఊరి యువకుని సంగతి చెప్పాడు. అవే మచ్చలు, అదే రక్తం. పది రోజులు మూడు ఊళ్ళు తిరిగి, కర్నూలు చేరకముందే బస్సులో కన్నుమూశాడట. అతని జబ్బు పేరేమిటో ఎవరూ తేల్చలేదు. ఏ శాతంలోనూ అతడు లేడు.