ఏ కంటికి ఏ సైటు?

తుపాకి కొనడం తేలికే. దాని మీద ఏం పెట్టుకు చూడాలో తేల్చుకోవడమే కష్టమని మా పార్వతీపురం మిత్రబృందం ఒక వేసవి సెలవుల్లో కనిపెట్టింది. తుపాకి అన్నానని కంగారు పడకండి, గాలి తుపాకి. 2016 నాటి ఆయుధాల నిబంధనల ప్రకారం బోరు 0.177 అంగుళానికీ, గుండు శక్తి 20 జౌళ్ళకీ మించకపోతే దానికి లైసెన్సు అక్కర్లేదు. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం వుంది. మా వూళ్ళో ఆ మాటకి బరువెక్కువ. 1967 మొదలు మూడు నాలుగేళ్ళ పాటు మా కొండల్లో సాగిన గిరిజన పోరాటం, దాని వెంట ‘పార్వతీపురం కుట్ర కేసు’ అంటూ వూరి పేరు కోర్టు కాగితాల కెక్కడం మా పెద్దవాళ్ళు మరిచిపోలేదు. “ఏటి బావూ, తుపాకీయా! మళ్ళీ మనకెందుకా గోల?” అంది మా మిత్రుడి నాయనమ్మ. అట్ట టార్గెట్టూ, ఆవగింజంత నడుమున్న సీసపు గుండూ చూపించాక గాని ఆవిడ స్థిమితపడలేదు.

మేమంతా ఒకప్పటి ఎన్.సి.సి. వాళ్ళం. జీడిపిక్కల సీజన్లో తలా కాస్తా వేసుకుని, ఖాళీగా పడివున్న ఒక పాత గోడౌన్లో పది మీటర్లు కొలిచి, పిల్లలకి గురి నేర్పుదామనుకున్నాం. అంతవరకు పేచీ లేదు. వున్న డబ్బుకి మామూలు రైఫిలు వస్తుంది, కొంచెం మిగులుతుంది. ఆ మిగిలే దానితో స్కోపు కొనాలని మా వాళ్ళ పట్టు. “ఒరే, నువ్వు యూనివర్సిటీలో ఫిజిక్స్ వెలగబెడుతున్నావు గదా, ఏది మంచిదో చెప్పు” అని తీర్పు నా మీద పెట్టారు.

అసలు స్కోపు గొడవ రావడానికి కారణం ఒక జాతాపు అమ్మాయి. గుమ్మలక్ష్మీపురం అవతలి వూరు, పార్వతీపురంలో హాస్టల్లో వుండి డిగ్రీ చదువుతోంది. కుదురుగా పడుకుంటుంది, వూపిరి బిగబట్టడం తెలుసు, ట్రిగ్గరు మీద వేలు మెత్తగా నొక్కుతుంది. అయినా అయిదు గుళ్ళు పేలిస్తే మూడు ఒకదాని పక్క నొకటి పడేవి, రెండు మాత్రం ఎటో ఎడమకి పోయేవి. ఆ రెంటి మూలాన ఒక ఎంపికలో ఆమె పేరు కొట్టేశారు. రెండోసారి ఎంపిక రెండు నెలల్లో వుంది. “ఇదే ఆఖరుసారన్నా. ఈసారీ పోతే మానేస్తాను” అంది నాతో. అంచేత మా వాళ్ళు, కళ్ళు సరిగా ఆనడం లేదు కాబోలు, స్కోపు పెట్టేస్తే సరి, అన్నారు.

ఇక్కడ సైటు సంగతి కాస్త చెప్పాలి. మామూలు రైఫిలుకి వెనక ఒక గాడి, ముందు ఒక మొన వుంటాయి. గాడి మధ్యన మొన నిలిపి, ఆ మొన మీద టార్గెట్టు నిలపాలి. చెప్పడానికి రెండు ముక్కలే. కాని మన కన్ను ఒకేసారి మూడు దూరాల్ని స్పష్టంగా చూడలేదు. గాడి జానెడు దూరంలో, మొన మూరెడు పైన, టార్గెట్టు పది మీటర్ల అవతల. ఏదో ఒకటి మసకబారక తప్పదు. తెలిసినవాడు టార్గెట్టుని మసకబారనిచ్చి, మొనని స్పష్టంగా చూస్తాడు. తెలియనివాడు టార్గెట్టుకేసి కళ్ళప్పగిస్తాడు. ఫలితం ఎంత ఘోరంగా వుంటుందో లెక్క కట్టుకోవచ్చు. గాడికీ మొనకీ మధ్య అర మీటరుంటే, మొన ఒక్క మిల్లీమీటరు తప్పినా పది మీటర్ల దగ్గర గుండు ఇరవై మిల్లీమీటర్లు తప్పుతుంది. పోటీ టార్గెట్టులో నలుపంతా కలిపి 30.5 మిల్లీమీటర్ల వెడల్పు. పది మార్కుల చుక్క అర మిల్లీమీటరు!

రెండో రకం పీప్ సైటు. గాడికి బదులు చిన్న రంధ్రం. ఇది నాకు ప్రీతిపాత్రమైనది, ఎందుకంటే నేను కళ్ళద్దాల వాణ్ణి. నమ్మకం లేకపోతే మీరూ చేసి చూడండి. అడ్డాకుకి గుండుసూదితో కన్నం పెట్టి, కళ్ళద్దాలు తీసేసి, దాని గుండా స్టేషను బోర్డు కేసి చూడండి. అలుక్కుపోయిన అక్షరాలు తేటపడతాయి. సన్నని కన్నం వెలుతురుని కాస్త తగ్గిస్తుంది గాని, దగ్గరనీ దూరాన్నీ ఒకేసారి కుదురుగా చూపిస్తుంది. పైగా గుండ్రటి కన్నానికి నడిమధ్య ఎక్కడుందో కన్ను తనంతట తానే వెతుక్కుంటుంది. ఒలింపిక్ రైఫిలు పోటీలన్నీ ఈ సైటుతోనే. 2012లో లండన్లో కంచు పతకం తెచ్చిన మన హైదరాబాదు గగన్ నారంగ్ చూసిందీ ఇలాంటి కన్నంలోంచే. అక్కడ స్కోపు నిషిద్ధం.

మూడోది మా వాళ్ళ మనసు దోచిన స్కోపు. దాన్ని తిట్టను. గీతల్నీ టార్గెట్టునీ ఒకే తలంలో చూపిస్తుంది గనక మూడు దూరాల చిక్కు వుండదు. అయితే నాలుగు రెట్లు పెద్దది చేసే స్కోపు మన వణుకునీ నాలుగు రెట్లు పెద్దది చేసి చూపుతుంది. కొత్తవాళ్ళు ఆ నాట్యం చూసి బెదిరి, గీత చుక్కమీదికి వచ్చిన క్షణాన ట్రిగ్గరుని గుంజేస్తారు. ఇంకో తంటా. పెద్ద తుపాకుల కోసం చేసిన స్కోపులు సాధారణంగా నూరు గజాల దూరానికి సరిచేసి వుంటాయి. పది మీటర్లలో బొమ్మ మసక, కన్ను కొంచెం పక్కకి జరిగితే గీతా జరుగుతుంది. స్ప్రింగుతో పనిచేసే గాలి తుపాకి ముందుకీ వెనక్కీ రెండు వైపులా తన్నుతుంది. దాన్ని తట్టుకునేలా చెయ్యని స్కోపు అయితే లోపలి అద్దాలు వదులైపోతాయి.

పెద్ద దూరాల మోజు మా వాళ్ళ ఒక్కరిదే కాదు లెండి. వెనకటి .303 ఎన్‌ఫీల్డు రైఫిలు సైటు మీద 2000 గజాల వరకు అంకెలు చెక్కారు. మైలు కంటే ఎక్కువ! అంత దూరాన మనిషి కాదు గదా, ఏనుగు నిలబడినా ఆ మొన వెనక కనబడదు. బెంగాల్లోని ఈశాపూర్ ఫ్యాక్టరీ 1960లలో 7.62 రైఫిలు చేసినప్పుడు కూడా మొదట ఆ 2000 అంకె అలాగే వుంచి, తర్వాతి 2ఏ1 మోడలులో 800 మీటర్లకి దించింది.

ఇదంతా నేను గోడౌన్లో ఉపన్యసిస్తుంటే, గుమ్మం దగ్గర కూర్చున్న ఆ అమ్మాయి తాతగారు (మనవరాలిని చూడ్డానికి సంతరోజున వచ్చారు) “మా విల్లుకి ఈ కన్నాలేవీ లేవు గదా బాబూ” అన్నారు. “మరి ఎలా చూస్తారు తాతా?” అంటే చేతులు చాచి విల్లు పట్టినట్టు నిలబడ్డారు. రెండు కళ్ళూ తెరిచే వున్నాయి. ఎడమ భుజం వెనక్కి వుంది. అంటే నారి లాగేది ఎడం చేత్తో.

నాకు అప్పుడు తట్టింది. అమ్మాయిని పిలిచి, చేతులు చాచి రెండరచేతుల మధ్య చిన్న సందు చేసి, రెండు కళ్ళతోనూ దానిలోంచి దూరాన స్తంభం చూడమన్నాను. కుడికన్ను మూయమంటే స్తంభం సందులోనే వుంది. ఎడమకన్నుకి చెయ్యి అడ్డం పెట్టగానే స్తంభం మాయం. ఆమె ఏలే కన్ను ఎడమది! రాయడం, తినడం కుడిచేత్తోనే. ఎన్.సి.సి. రైఫిలు బోల్టు కుడివైపుకే వుంటుంది గనక కుడిభుజానికే ఆనించి నేర్పారు. ఎడమకన్ను ఒక్కటే మూయడం ఆమెకి చేతకాదు. అందుకని రెండూ తెరిచే పేల్చేది. ఎడమకన్ను పెత్తనం చేసినప్పుడల్లా గుండు ఎడమకి పోయేది. ఎన్నేళ్ళుగా ఎవరూ ఈ పరీక్ష చెయ్యలేదట.

స్కోపైతే ఆ చిక్కు కొంత తగ్గేదేమో, కాని ఆమె వెళ్ళాల్సిన పోటీలో దాన్ని రానివ్వరు. అగ్గిపెట్టె అట్ట చించి, ఎడమకన్నుకి అడ్డంగా ఆమె టోపీ అంచుకి పిన్నుతో గుచ్చాం. ఇలాంటి అడ్డుకి అంతర్జాతీయ పోటీల్లో కూడా కొలతలు పెట్టి అనుమతిస్తారు. అయిదు గుళ్ళు పేల్చింది. అయిదింటి మీదా అర్ధరూపాయి బిళ్ళ పెడితే కప్పడిపోయాయి. తాతగారు టార్గెట్టు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

స్కోపు కొనలేదు. మిగిలిన డబ్బుతో నాలుగు డబ్బాల గుళ్ళూ, ఒక కట్ట టార్గెట్లూ, గోడకి ఆనించడానికి ఇసక బస్తాలూ వచ్చాయి. అమ్మాయి మాత్రం అట్టతో సరిపెట్టుకోలేదు. మా గాలి తుపాకికి బోల్టు లేదు గనక దాన్ని ఎడమభుజానికి ఆనించి మొదటినుంచీ నేర్చుకుంటోంది. మొదటివారం గుళ్ళు బస్తాల్లోకి పోయాయి. రెండోవారం నలుపులోకి వచ్చాయి. ఎంపిక ఇంకా మూడు వారాలుంది.