ఎనిమిది

"మేడమ్, ఎనిమిది వెయ్యరాకుంటే లైసెన్స్ ఇయ్యరా?"

ఆదివారం పొద్దున మా ఇంటి ముందు వేపచెట్టు కింద చేరే పిల్లల్లో ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడగకుండా ఉండరు. పిల్లలంటే చిన్నపిల్లలు కాదు. నా దగ్గర ఒకటి నుంచి అయిదు దాకా చదివి, ఆశ్రమ పాఠశాలకు పోయి, పదో తరగతి కొందరు దాటి, కొందరు దాటక ఇప్పుడు మీసాలు వచ్చినవాళ్ళు. ఈమధ్య ఆడపిల్లలు కూడా వస్తున్నారు. ఫోనులో ఎల్ఎల్ఆర్ అప్లికేషన్ తెరిచి నా ముందు పెడతారు. ఆదిలాబాద్ ఏజెన్సీలో, ఉట్నూరుకు ఇవతల ఉన్న మా గూడెంలో లైసెన్స్ తీసుకున్న మొదటి ఆడమనిషిని నేనే కాబట్టి ఈ విషయంలో నాకు అన్నీ తెలుసని వాళ్ళ నమ్మకం. నిజానికి 41 ఏళ్ళు వచ్చేదాకా నాకూ ఏమీ తెలియదు.

ఈ ఎనిమిది రెండు రకాలు. ఒకటి నేల మీద గీసేది. రెండోది తరగతి. రెండోది మా ఇంటికి చేసిన నష్టం గురించి ముందు చెప్పాలి.

మా తమ్ముడు అయిదో తరగతితో బడి మానేశాడు. బండ్లంటే వాడికి ప్రాణం. 2009లో ఇద్దరు దోస్తులతో కలిసి లైసెన్స్ కోసం పట్నం పోయాడు. లోపలికి పోనేలేదు. బయట ఒక ఏజెంటు "ఎంతవరకు చదివినవ్?" అని అడిగాడు. అయిదు అన్నాడు. "ఎనిమిది లేకుంటే రాదు పో" అన్నాడు ఆయన. అంతే, మధ్యాహ్నం బస్సుకు తిరిగొచ్చాడు. ఆ ఒక్క మాట గూడెమంతా పాకింది. ఎనిమిది చదవనోడికి లైసెన్సే రాదని అందరూ అనుకున్నారు. చదువు తక్కువైనవాళ్ళు మళ్ళీ ఎవరూ అటు పోలేదు. బండి తోలడం మాత్రం ఎవరూ మానలేదు.

ఆ నిబంధన రవాణా వాహనాలకు మాత్రమే. కిరాయికి తిరిగే ఆటో, జీపు, లారీ తోలేవాళ్ళు ఎనిమిదో తరగతి పాసై ఉండాలనేవారు. సొంత బైకుకు, సొంత కారుకు చదువు షరతు లేదు. ఏ బండి కోసం వచ్చావని ఆ ఏజెంటు మా తమ్ముణ్ణి అడగలేదు. ఏ బండికి రాదని మా తమ్ముడూ అడగలేదు. అప్పటికే డీఎడ్ చేసి బడిలో పాఠాలు చెబుతున్న నేను కూడా అడగలేదు. ఇది గుర్తొచ్చినప్పుడల్లా నాకు నా మీదే కోపం వస్తుంది.

2015లో పత్తి సీజన్‌లో తమ్ముడు ఒక సేటు దగ్గర ట్రాలీ ఆటో తోలేవాడు. సేటు తాళం చేతికిచ్చేటప్పుడు లైసెన్స్ ఉందా అని అడగలేదు. ఒక సాయంత్రం మసక చీకట్లో రోడ్డు పక్కన నడిచిపోతున్న ముసలాయనకు బండి తగిలింది. ఆయన పక్క గూడెం మనిషి, దూరపు చుట్టం కూడా. కాలు విరిగింది. ప్రాణం పోలేదు, అదే మా అదృష్టం. కేసు నడిచింది. ముసలాయనకు ముందు బీమా కంపెనీ డబ్బు కట్టాలని, డ్రైవరుకు లైసెన్స్ లేదు కాబట్టి ఆ డబ్బును బండి ఓనరు దగ్గర వసూలు చేసుకోవచ్చని కోర్టు చెప్పింది. ఓనరు వచ్చి మా వాకిట్లో కూర్చున్నాడు. పటేల్ ముందు పంచాయితీ జరిగింది. ఇంట్లో ఉన్న ఒకే జత ఎడ్లను అమ్మాం. ఆ ఏడు దుక్కికి మా నాన్న వేరేవాళ్ళ ఎడ్ల కోసం ఇల్లిల్లూ తిరిగాడు. మళ్ళీ స్టీరింగ్ పట్టనని తమ్ముడు ఒట్టు పెట్టుకున్నాడు.

కాబట్టి "లైసెన్స్ లేకుంటే ఏమైతది మేడమ్, పోలీసులు ఇటు వస్తరా?" అని అడిగే పిల్లలకు నేను ముందు జరిమానా సంగతి చెప్పను. లైసెన్స్ లేకుండా తోలితే చట్టంలో రాసిన జరిమానా 5,000 రూపాయలు. అది నిజమే. కానీ మా ఇంట్లో పోయింది 5,000 కాదు. ఎడ్ల సంగతి చెప్తాను. అప్పుడు ఫోను పక్కన పెట్టి వింటారు.

నేను స్కూటీ నేర్చుకున్నది 2022లో. మా బడి ఇంటికి తొమ్మిది కిలోమీటర్లు. బస్సు రోజుకు ఒకసారి, అదీ వానాకాలంలో నమ్మకం లేదు. ఇన్నేళ్ళూ ఎవరో ఒకరి బండి వెనక కూర్చుని బడికి పోయాను. ఎవరూ దొరకని రోజు నడిచాను. నాకు నేర్పింది మా తమ్ముడి కొడుకు. అప్పుడే వాడికి 18 నిండాయి. నేర్పించేవాడికి లైసెన్స్ ఉండాలని నాకు తర్వాత తెలిసింది. వాడికీ లేదు. పదిహేనేళ్ళ నుంచే తోలుతున్నాడు. టీచరమ్మనైన నేను లైసెన్స్ లేని పిల్లాడి దగ్గర బండి నేర్చుకున్నానని చెప్పడానికి సిగ్గుగానే ఉంది, అయినా దాచడం దేనికి? విషయం తెలిశాక ఇద్దరం కలిసే ఎల్ఎల్ఆర్‌కు దరఖాస్తు పెట్టాం.

ఆ దరఖాస్తు నింపేటప్పుడే చదువు గడి దగ్గర నా చేయి ఆగింది. మీ సేవ కేంద్రంలో కూర్చునే అబ్బాయిని అడిగితే "ఇప్పుడు అది లేదు మేడమ్, ఆటోకు గానీ లారీకి గానీ ఎనిమిది అక్కర లేదు" అన్నాడు. ఆ షరతును 2019లోనే తీసేశారట. మూడేళ్ళయినా మా గూడేనికి ఆ కబురు రాలేదు. రాదన్న మాట మాత్రం ఒక్క రోజులో వచ్చింది.

రాతపరీక్ష గురించి తోటి ఉపాధ్యాయులకు ప్రత్యేకంగా చెప్పాలి. పరీక్ష కంప్యూటర్ మీద. నేను రాసినప్పుడు 20 ప్రశ్నలు, 12 సరైతే పాస్. తెలుగులో రాయవచ్చు. తెలుగులోనే కదా, సులువు అనుకుంటాం. మన పిల్లలకు ఇంట్లో గోండి, బడిలో తెలుగు. ఆ ప్రశ్నల్లో ఉండేది మూడో భాష. ఒక అబ్బాయి అడిగాడు: "మేడమ్, పాదచారులు అంటే పాదాలకు మొక్కేటోళ్ళా?" అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. రోజూ కాలినడకన బడికొచ్చి చదువుకున్న పిల్లాడు వాడు. పాదచారి అంటే తానేనని వాడికి తెలియదు. కూడలి, అధిగమించుట, ఏకమార్గం, నిషేధం... ఈ మాటలు మన అంగట్లో వినపడవు. "ముందు పోయే బండిని ఎటు పక్క నుంచి దాటాలి?" అని గోండిలో అడిగితే కుడి పక్క నుంచి అని టక్కున చెప్తారు. అదే ప్రశ్న తెర మీద కనపడితే తప్పు నొక్కుతారు.

డీఎడ్‌లో మాకు నేర్పారు, తెలిసిన దాని నుంచి తెలియని దానికి తీసుకుపోవాలని. వేపచెట్టు కింద నేను చేసేది అదే. ముందు గోండిలో విషయం మాట్లాడుకుంటాం. తర్వాత దానికి మామూలు తెలుగు మాట. ఆ తర్వాతే పుస్తకం మాట. గుర్తుల్ని సుద్దముక్కతో అరుగు మీద గీస్తాను. ఎర్ర అంచు గుండ్రం అయితే చేయకు అని. ఎర్ర అంచు త్రికోణం అయితే ముందు ఏదో ఉంది, జాగ్రత్త అని. నీలం గుండ్రం అయితే ఇలాగే చేయాలి అని. నీలం చదరం అయితే ఆసుపత్రి, పెట్రోల్ బంకు లాంటివి ఎక్కడున్నాయో చెప్పేది. ఆకారం, రంగు పట్టుకుంటే సగం ప్రశ్నలు చదవకుండానే తెలుస్తాయి.

ఒక ప్రశ్నకు మాత్రం మా పిల్లలు ఎప్పుడూ తప్పు చెప్పరు. ఇరుకు ఘాట్ రోడ్డు మీద ఒక బండి ఎక్కుతోంది, ఒక బండి దిగుతోంది, ఎవరు ఆగాలి? దిగేవాడు ఆగాలి, ఎక్కేవాడికి దారియ్యాలి. కేస్లాపూర్ నాగోబా జాతరకు ఎడ్లబండ్లు కట్టుకొని పోయిన ఇళ్ళలో పుట్టినవాళ్ళకు ఇది ఒకరు చెప్పాలా? బరువుతో గట్టు ఎక్కే ఎడ్లు మధ్యలో ఆగితే మళ్ళీ కదలవు. ఇంజనుకూ అంతే. ఇది అడిగిన రోజు పిల్లల ముఖాలు చూడాలి. సర్కారు పుస్తకంలో మన తాతల మాట ఉందంటే వాళ్ళకు నమ్మబుద్ధి కాదు.

ఎల్ఎల్ఆర్ వచ్చిందంటే లైసెన్స్ వచ్చినట్టే అనుకునేవాళ్ళు చాలామంది. కాదు. అది నేర్చుకోవడానికి ఇచ్చిన కాగితం. ఆరు నెలలు ఉంటుంది. 30 రోజులు గడిచాకే డ్రైవింగ్ పరీక్షకు పోవాలి. ఆరు నెలల్లోపు పోకపోతే మళ్ళీ మొదటికి. తెల్లటి చదరం మీద ఎర్ర ఎల్ అక్షరం బండికి ముందూ వెనకా ఉండాలి. కారు అయితే పక్కన లైసెన్స్ ఉన్న మనిషి కూర్చోవాలి. బైకు అయితే నేర్పేవాళ్ళు తప్ప ఇంకెవరూ వెనక కూర్చోకూడదు. ఎల్ బోర్డు పెట్టుకొని వెనక ఇద్దర్ని ఎక్కించుకొని సంతకు పోయే మగపిల్లలు ఈ మాట రెండోసారి చదవాలి.

ఆడపిల్లలు అడిగే ప్రశ్న వేరు. "స్కూటీ మీద పరీక్ష ఇస్తే బైకు తోలవచ్చా?" తోలకూడదు. గేర్లు లేని బండి మీద ఇస్తే గేర్లు లేని లైసెన్సే వస్తుంది. గేర్ల బండి మీద ఇస్తే స్కూటీ కూడా అందులో వస్తుంది. నాకు గేర్లు రావు, నేను స్కూటీదే తీసుకున్నాను. మీకు చేతనైతే గేర్ల బండి మీదే పోండి. చీర కట్టుకొని రానిస్తారా అని కూడా అడుగుతారు. నేను చీరలోనే ఇచ్చాను. కొంగు బిగించి దోపుకోవాలి, చక్రంలో పడితే ప్రాణం మీదికి వస్తుంది.

ఇక నేల మీది ఎనిమిది. మా అల్లుడు బడి మైదానంలో ముగ్గుపిండితో పెద్ద ఎనిమిది పోశాడు. మూడో తరగతి పిల్లలు చుట్టూ నిలబడి "మేడమ్ కాలు పెట్టింది!" అని అరిచేవాళ్ళు. నెలరోజులు అరిచారు. పరీక్ష రోజు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు సగం ఎనిమిది బాగానే వేశాను. మలుపులో ముందు చక్రాన్ని చూశాను. కాలు నేలకు ఆనింది. ఫెయిల్. మా అల్లుడు ఒక్కసారికే పాసయ్యాడు. ఆ పొద్దంతా నాతో మాట్లాడడానికి భయపడ్డాడు. రెండోసారి పోవడానికి ఏడు రోజులు ఆగాలి. మూడుసార్లు తప్పితే 60 రోజులు ఆగాలి. ఆ ఏడు రోజుల్లో నేను నేర్చుకున్నది ఒక్కటే. చక్రాన్ని చూడకూడదు, పోవాల్సిన చోటును చూడాలి. రేజ్ ఒకేలా పట్టుకొని, వెనక బ్రేకు కొంచెం తాకిస్తూ ఉండాలి. రెండోసారి కాలు ఆనలేదు.

18 నిండకముందే తోలే పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లాడు బండితో పట్టుబడితే శిక్ష తల్లిదండ్రులకు, బండి ఓనరుకు పడుతుంది. 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు అని 2019 సవరణలో ఉంది. ఆ పిల్లాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. మా అల్లుడు పదిహేనేళ్ళకే తోలుతుంటే చూస్తూ ఊరుకున్నదాన్ని, ఇప్పుడు చెప్తున్నాను.

పోయిన నెల ఒక ఆదివారం పిల్లలంతా పోయాక మా తమ్ముడు వచ్చాడు. చాలాసేపు వేపచెట్టు దగ్గరే నిలబడ్డాడు. వాడి కొడుకు ట్రాలీ ఆటో కొనాలని చూస్తున్నాడు. వాడికి జ్వరం వస్తే, ఒంట్లో బాగాలేకపోతే ఎవరు తోలాలి అన్నాడు. ఆ తర్వాత మెల్లగా, "అక్కా, కార్ల లైసెన్స్ ఉంటే ట్రాలీ తోలవచ్చా? దానికి ఎనిమిది అడగరు కదా?" అన్నాడు.

అడగరని చెప్పాను. లైట్ మోటార్ వెహికల్ లైసెన్స్ ఉంటే 7,500 కిలోల లోపు రవాణా బండి కూడా తోలవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పిన సంగతి కూడా చెప్పాను. రెండుసార్లు చెప్పించుకున్నాడు.

వాడికిప్పుడు 41. నలభై దాటినవాళ్ళకు డాక్టర్ సర్టిఫికెట్ కావాలి. నాకూ అప్పుడు కావాల్సి వచ్చింది. పీహెచ్‌సీకి పోయి కళ్ళు చూపించుకొని, సంతకం పెట్టించుకొని వచ్చాం. రోజూ రాత్రి అన్నం తిన్నాక అరుగు మీద గుర్తులు గీసుకుంటున్నాం. నిషేధం అనే మాట దగ్గర ఇంకా ఆగుతున్నాడు. కంప్యూటర్ పరీక్షకు స్లాట్ మంగళవారం పదిన్నరకు. బడికి సెలవు పెట్టాను. బండి నేనే తోలుతాను, వాడు వెనక కూర్చుంటాడు. రెండో హెల్మెట్ మా అల్లుడిది అడిగి పెట్టుకున్నాం.