అబ్బా తిప్పిన చాబీ

మా అబ్బాజాన్ మేళ్లచెరువులో సిమెంట్ ఫ్యాక్టరీ నౌకరీ నుంచి రిటైరై, వచ్చిన పైసలతో 2018 అక్టోబర్‌లో ఒక ఈకో వ్యాన్ కొన్నారు. కిరాయికి తిప్పడానికి కాదు. ‘ఉమ్రంతా బస్సుల్లో నిలబడే తిరిగినం, ఇగ మీ అమ్మీని కూసోబెట్టి తిప్పుతా’ అన్నారు. వెనక సీట్ల మీద మెత్తటి గద్దా, ఒక చాప, చిన్న గ్యాస్ పొయ్యి, దస్తర్‌ఖాన్, పాన్‌దాన్. ఉర్సుకు జాన్‌పహాడ్ దర్గా, సెలవులొస్తే నాగార్జునసాగర్, కృష్ణా మూసీ కలిసే వాడపల్లి. మా పిల్లలకు అది బండి కాదు, చక్రాల మీద ఇల్లు.

ఇన్సూరెన్స్ దగ్గర మాత్రం అబ్బా చాలా సోచాయించారు. థర్డ్ పార్టీ బీమా 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం తప్పనిసరి, దానికి ఎవరూ ఏమనలేరు. మన బండి నుక్సాన్‌కు కట్టే ‘ఓన్ డ్యామేజ్’ జాయెజా, కాదా? ఈ మసలా మీద ఆలిమ్‌ల రాయ్ ఒక్కటి కాదు. చివరికి, ‘నేను లాభం కోసం కడతలేను. ఎవరికో ఆఫత్ వస్తే నా పైసలు వాళ్లకు పోతయ్, అదే నా నియ్యత్’ అని కట్టేశారు. అయిదేళ్లు ఒక్క క్లెయిమ్ లేదు. నో క్లెయిమ్ బోనస్ 20 నుంచి పెరిగి పెరిగి 50 శాతానికి చేరింది.

2024 ఆగస్టు 31, శనివారం. కోదాడలో ఖాలా ఇంట్లో మనవడి అఖీఖా. వాన దంచికొడుతుంటే రాత్రికి అక్కడే ఆగిపోయారు. తెల్లారేసరికి గల్లీలో నీళ్లు. ఆ రోజు కోదాడలో కార్లు కొట్టుకుపోయాయి, మనుషుల జానే పోయింది. మా వ్యాన్ గోడ వారగా నిలబడే ఉంది. కానీ నీళ్లు సీట్ల దాకా వచ్చాయి. కాస్త తగ్గగానే అబ్బా, బండిని మెరకకు చేర్చాలని, బిస్మిల్లా అని చాబీ తిప్పారు. ఒక్కసారి గుర్రుమంది. లోపల ఏదో గట్టిగా కొట్టుకున్న చప్పుడు. అంతే, ఖామోష్.

నేను హైదరాబాద్ నుంచి చేరేసరికి మెకానిక్ ఇంజన్ విప్పి కూర్చున్నాడు. సిలిండర్‌లో గాలిని అదిమినట్టు నీటిని అదమలేం. నీళ్లు నిండిన ఇంజన్‌ను తిప్పితే పిస్టన్‌ను పట్టుకునే కనెక్టింగ్ రాడ్డే వంగిపోతుంది. దీన్ని హైడ్రోస్టాటిక్ లాక్ అంటారు. వరదలో మునగడం ప్రమాదం కిందికి వస్తుంది. మునిగిన బండిని స్టార్ట్ చేసి ఇంజన్ పాడుచేసుకోవడాన్ని మామూలు పాలసీలో కంపెనీలు ఒప్పుకోవు.

మొత్తం ఎస్టిమేట్ లక్షా పన్నెండు వేలు. అందులో ఇంజన్‌దే అరవై నాలుగు వేలు.

‘సార్, సర్వేయర్ వస్తడు. ఆగిన బండిని స్టార్ట్ చేసినమని చెప్పకుండ్రి. రోడ్డు మీద పోతుంటే ఎక్కడిదో నీళ్లు ఒక్కపారి మీదికొచ్చినయ్, నడుస్తనే ఆగిపోయిందని రాయుండ్రి. గట్లయితే ఇంజన్ గూడ పాసయితదేమో’ అన్నాడు మెకానిక్. మనిషి మంచోడే. మా భలా కోరే చెప్పాడు.

నాకది ఎంత ఆసాన్! ఇరవై ఏళ్లుగా వార్తలు రాసి తినేవాణ్ణి. తెలుగులో పది లైన్లు చకచకా రాసేశాను. తారీఖు నిజం, వాన నిజం, నీళ్లు నిజం. ఒక్క క్రియాపదం మార్చాను, అంతే. నిలబడి ఉన్న బండిని నడిపించాను.

పాలసీ అబ్బా పేరు మీద ఉంది, దస్తఖత్ ఆయనదే కావాలి. అబ్బాకు తెలుగు గడగడా మాట్లాడొస్తుంది, చదవడం రాదు. ఐనక్ పెట్టుకుని కాగితం అటూ ఇటూ తిప్పి, ‘ఉర్దూ మే సునా’ అన్నారు.

తెలుగులో రాసుకున్న ఝూట్‌ను ఉర్దూలో, అదీ అబ్బా ముందర చదవాల్సి వచ్చింది. దాటేసి చదువుదామని కూడా అనిపించింది. అట్లా చేస్తే రెండో ఝూట్ అవుతుంది. చదివాను. నా గొంతు నాకే వేరేవాడిదిలా వినబడింది.

‘గాడీ తో ఖడీ థీ’ అన్నారు అబ్బా. బండి నిలబడి ఉంది కదా అని, నాకేదో గుర్తులేదనుకుని మెల్లగా చెప్పినట్టు. నేను మెకానిక్ చెప్పింది, అరవై నాలుగు వేల సంగతి చెప్పాను. చానాసేపు మాట్లాడలేదు.

‘అయిదేండ్లు ఏమని కట్టిన? నుక్సాన్ అయినోనికి పోవాలెనని. ఇప్పుడు ఝూట్ చెప్పి తీసుకుంటే ఎవరిది తీసుకున్నట్టు? చాబీ నేను తిప్పిన, అదే రాయ్.’

వంటింటి గడపలో అమ్మీ, ‘తిప్పేటప్పుడు ఈ అఖల్ ఏమైంది?’ అంది. అబ్బా నవ్వలేదు. ఆయన తల వంచుకోవడం చూసి అమ్మీయే వెళ్లి చాయ్ తెచ్చింది.

ఉన్నదున్నట్టు రాశాం. అనుకున్నట్టే ఇంజన్ క్లెయిమ్ కొట్టేశారు. మిగతా నలభై ఎనిమిది వేలలో లేబర్ పూర్తిగా ఇచ్చారు. ప్లాస్టిక్, రబ్బరు, బ్యాటరీకి సగం కోత, అయిదేళ్లు దాటిన బండి కనుక ఇనుప పార్టులకు 40 శాతం కోత. తప్పనిసరి మినహాయింపు ఒక వెయ్యి. చేతికి ముప్ఫై వేల నాలుగు వందలు. పెరిగిన బోనస్ సున్నా అయింది. ఇంజన్ పైసల్లో సగం అబ్బా తన కమిటీ ఎత్తి కట్టారు, సగం నేను కట్టాను.

ఇది చదివేవాళ్లకు నాలుగు మాటలు. బండి మునిగితే చాబీ ముట్టొద్దు. వీలైతే బ్యాటరీ వైరు తీసి, తోసుకునో లాగించుకునో గ్యారేజీకి చేర్చండి. నీటి మట్టం కనబడేలా ఫొటోలు తీసి, రిపేరు మొదలుపెట్టక ముందే కంపెనీకి ఖబర్ చేయండి. కొత్త బండికి ‘ఇంజన్ ప్రొటెక్ట్’ అనే యాడ్-ఆన్ దొరుకుతుంది, షరతులు చదివి తీసుకోండి. క్లెయిమ్‌లో నాఇన్సాఫీ జరిగితే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఏడాదిలోపు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవచ్చు. హైదరాబాద్‌లో దఫ్తర్ ఉంది. ఫీజు లేదు, వకీల్ అక్కరలేదు.

జనవరిలో జాన్‌పహాడ్ ఉర్సుకు అదే వ్యాన్‌లో పోయాం. సీట్ల కింద ఇంకా బురద వాసన. అబ్బా బండెక్కి చాబీ పెట్టి, తిప్పకుండా నా వైపు చూశారు. నేను దిగి, కింద తొంగి చూసి, ‘పానీ నై అబ్బా, చలో’ అన్నాను.