అమ్మవారి ఏలుబడిలో రా

మదురై

ప్రియమైన నేస్తానికి,

నీ ఉత్తరం అందింది. మీ అత్తగారి మోకాళ్ల నొప్పి కాస్త నెమ్మదించిందని చదివి సంతోషించాను. "డిసెంబరు సెలవుల్లో వస్తాం, అప్పుడైతే చల్లగా ఉంటుందటగా" అని రాశావు. చల్లగా ఉండే మాట నిజమే. అక్టోబరు, నవంబరుల్లో ఇక్కడ అసలు వానలు కురిసి వెలుస్తాయి కాబట్టి ఊరు కడిగినట్టు ఉంటుంది. కానీ మదురై చూడవలసిన కాలం అది కాదే. చిత్తిరైలో రా.

చిత్తిరై అంటే ఏప్రిల్ సగం నుంచి మే సగం దాకా. ఎండ నలభైకి అటూ ఇటూగా ఉంటుంది, దాచను. అయినా రమ్మంటున్నానంటే కారణం ఉంది. చిత్తిరై పండుగ ఎనిమిదో రోజున మీనాక్షికి పట్టాభిషేకం చేసి చేతికి రాజదండం ఇస్తారు. ఆవణి నెలలో ఆమె భర్త సుందరేశ్వరుడికి పట్టం కట్టేదాకా నాలుగు నెలలు ఈ ఊరిని ఏలేది ఆవిడే. మిగతా ఎనిమిది నెలలు ఆయన. డిసెంబరులో వస్తే అమ్మవారిని చూస్తావు. చిత్తిరైలో వస్తే రాణిని చూస్తావు. పదో రోజు కల్యాణం. సరిగ్గా ఆ ముహూర్తానికి ఇక్కడి ముత్తైదువలు తమ తాళికి కొత్త పసుపుతాడు కట్టుకుంటారు. మర్నాడు రథం.

గుడి చుట్టూ ఉన్న వీధులకు ఇక్కడ నెలల పేర్లే. ప్రాకారం లోపల ఆడి వీధులు, బయట చిత్తిరై వీధులు, వాటి చుట్టూ ఆవణి మూల వీధులు, ఇంకా అవతల మాసి వీధులు. చిత్తిరై రథం మాత్రం చిత్తిరై వీధుల్లో కాక మాసి వీధుల్లో తిరుగుతుంది. ఎందుకంటే అమ్మవారి కల్యాణం ఒకప్పుడు మాసిలో, అంటే ఫిబ్రవరి, మార్చిల్లో జరిగేదట. 1623 నుంచి 1659 దాకా ఏలిన మన తెలుగు నాయకుడు తిరుమల నాయకుడు దాన్ని చిత్తిరైకి జరిపి, విష్ణుమూర్తి అయిన అళగర్ స్వామి వైగై ఏటికి వచ్చే ఉత్సవంతో కలిపాడని చెబుతారు. అప్పటికి కోతలు అయిపోయి పల్లెల్లో తీరిక ఉంటుంది మరి. ఆయన చల్లదనం చూసుకోలేదు, రైతుల వీలు చూశాడు. నాకు ఆ ఎంపికే సరైనదనిపిస్తుంది.

పౌర్ణమి తెల్లవారుజామున అళగర్ బంగారు గుర్రమెక్కి వైగైలో దిగుతాడు. ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని కొండ దగ్గర బయలుదేరి, దారి పొడవునా వందల మండపాల్లో ఆగుతూ వస్తాడు. ఆ రోజుల్లో ఏరు ఎండి ఉంటుంది గనుక ఆయన కోసం వైగై ఆనకట్ట నుంచి నీళ్లు వదులుతారు. స్వామి ఏ రంగు పట్టు కట్టుకొచ్చాడా అని లక్షల కళ్లు చూస్తాయి. ఆకుపచ్చ అయితే ఆ ఏడు పంటలు పండుతాయని నమ్మకం. మెడలో ఉండేది శ్రీవిల్లిపుత్తూరు నుంచి తెచ్చిన ఆండాళ్ మాల. ఏటా పిల్లలకు ఆముక్తమాల్యద పాఠం చెప్పే దానివి, ఆ మాల నువ్వు చూడకపోతే ఎలా? రాయలవారు రెండో ఆశ్వాసంలో అంత విస్తారంగా వర్ణించిన వేసవి ఈ ఊరి వేసవే కదా. ఆ పద్యాలు చెప్పే నోటితో మదురై ఎండకు భయపడతాననకు.

ఇంకో మాట, మల్లెల సంగతి. మంచు కురిసే డిసెంబరు, జనవరిల్లో మదురై మల్లె దిగుబడి పడిపోయి, కిలో వేల రూపాయలు పలుకుతుంది. వేసవిలో బుట్టలు బుట్టలుగా వస్తుంది. నీ జడకి మూర పూలతో సరిపెట్టడం నాకు ఇష్టం లేదు.

ఎండ సంగతి నాకు వదిలెయ్. పొద్దున్నే అయిదింటికి గుడికి వెళదాం. మధ్యాహ్నం ఎలాగూ గుడి మూసేస్తారు. సాయంత్రం దాకా ఇంట్లో పడుకుందాం. ఈ ఊరికి తూంగా నగరం అని పేరు, నిద్రపోని ఊరు. రాత్రి పదింటికి బజారులో ఇడ్లీలు పొగలు కక్కుతుంటాయి, జిగర్తండా అనే చల్లని పానీయం అమ్మే దుకాణాల దగ్గర మనుషులు ఆగే ఉంటారు. ఏట్లోకి మాత్రం దిగవద్దు, ఆ తొక్కిసలాట మనవల్ల కాదు. గట్టు మీద దూరంగా నిలబడి చూద్దాం.

మీ అత్తగారిని ఆ జనంలోకి తీసుకురావద్దు. ఆవిడను తై మాసంలో, సంక్రాంతి వెళ్లాక తీసుకురా. పూసం, అంటే పుష్యమి నక్షత్రం నాడు వండియూర్ తెప్పకుళంలో తెప్పోత్సవం. అదీ తిరుమల నాయకుడు 1645లో తవ్వించిన కోనేరే. గట్టున కూర్చునే చూడొచ్చు, చల్లగానూ ఉంటుంది.

తేదీ చూసేటప్పుడు మన పంచాంగంలో చైత్ర పూర్ణిమ చూసి టికెట్లు కొనేయకు. వీళ్లది సౌరమానం. 2025లో అళగర్ ఏట్లో దిగింది మే 12న. మనకది వైశాఖ పూర్ణిమ. గుడివాళ్లు తేదీలు ప్రకటించగానే రాస్తాను. రైలు టికెట్లు రెండు నెలల ముందే చేయించు, కనీసం అయిదు రోజులు సెలవు పెట్టు. పట్టాభిషేకం నాటికల్లా ఇక్కడుండాలి నువ్వు.

నీ
నేస్తం