చెల్లె రసీదు, నా దస్తఖత్

మా చెల్లె గాజుల పార్సిళ్లు రెండు నలిగిపోయిన సంగతి మీలో కొందరికి తెలుసు. బంధువుల్లో, దోస్తుల్లో ఎవరు కలిసినా "పైసలొచ్చినయా?" అని అడుగుతున్నరు. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నా. ఇందులో నా గల్తీ కూడా ఉంది. దాన్ని దాచకుండానే చెప్తా.

చెల్లె బేవా అయి ఆరేళ్లు. ఇద్దరు పిల్లలు. టోలిచౌకిలో మా ఇంటి పై పోర్షన్‌లోనే ఉంటుంది. లాడ్ బజార్‌కు లాఖ్ గాజులు చేసిచ్చే కారీగర్ల దగ్గర మాల్ తీసుకుని, దుల్హన్ జోడా రంగుకు తగ్గట్టు సెట్లు కట్టి, ఊళ్లకు పంపిస్తుంది. లాఖ్ గాజంటే మిషన్‌లో అచ్చు పోసేది కాదు. లక్కను బొగ్గుల వేడి మీద మెత్తబరచాలి, తీగలా సాగదీయాలి, గుండ్రంగా వంచాలి, ఆ పైన ఒక్కొక్క రాయినీ చేత్తో అద్దాలి. 2024లో హైదరాబాద్ లాఖ్ గాజులకు జీఐ గుర్తింపు వచ్చినప్పుడు మా దఫ్తర్‌లో ఆ ఖబర్ రాసింది నేనే. చెల్లె అది చదివి, "మంచిదే భాయీ, కారీగర్ల మజూరీ కూడా పెరుగుతదా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేకపోయింది.

మొన్న రంజాన్ అయిపోయి షవ్వాల్ షాదీల సీజన్ మొదలైంది. రెండు ఆర్డర్లు వచ్చాయి. కర్నూలు దుకాణానికి పద్దెనిమిది వేల మాల్. నెల్లూరులో ఒక షాదీ ఇంటికి పద్నాలుగున్నర వేల మాల్. "నీ దఫ్తర్ మాదాపూర్‌లనే గద. పోతా పోతా బుక్ చేసి పో భాయీ" అంది. సైబర్ టవర్స్‌కు కొంచెం దూరంలో ఒక కొరియర్ కౌంటర్ ఉంది. మెడలో ఐడీ కార్డులేసుకున్న పిల్లలు లాప్‌టాప్ డబ్బాలు పట్టుకుని లైన్లో ఉన్నారు. నా వంతు వచ్చేసరికి షిఫ్ట్ టైమ్ అయిపోతోంది.

"ఇన్సూరెన్స్ చెయ్యాల్నా సార్?" అన్నాడు కౌంటర్ మీది అబ్బాయి.

"చెయ్ బేటా."

రెండింటికీ కలిపి ఆరువందల యాభై అదనంగా తీసుకున్నాడు. చూపించిన చోటల్లా దస్తఖత్ పెట్టి, రసీదులు జేబులో వేసుకుని పరుగెత్తాను.

నాలుగో రోజు కర్నూలు నుంచి ఫోటోలు వచ్చాయి. డబ్బా ఒక మూల లోపలికి నొక్కుకుపోయి ఉంది. రాళ్లు ఊడి అడుగున ఇసుకలా పడి ఉన్నాయి. గాజులు గుండ్రం పోయి కోడిగుడ్డులా అయ్యాయి. కర్నూలు సేఠ్ హుషారైన మనిషి. డెలివరీ కాగితం మీద "డబ్బా నలిగి ఉంది" అని రాసి మరీ సంతకం పెట్టాడు. నెల్లూరులో దుల్హన్ వాళ్ల నానా ఉత్తగా సంతకం చేసి డబ్బా లోపల పెట్టించాడు. రాత్రి ఆడవాళ్లు తెరిచి చూస్తే అదే హాల్. షాదీ ఇంకా రెండు రోజులే ఉంది. ఆ ఇంటివాళ్లు చెల్లెను ఒక్క మాట అనలేదు. అడ్వాన్స్ మాత్రం వాపస్ అడిగారు. ఇచ్చేసింది. కారీగర్లకు ఇవ్వాల్సింది పిల్లల స్కూల్ ఫీజుకని దాచిన దాంట్లోంచి ఇచ్చింది. "వాళ్ల చెయ్యి ఖాళీగ పెడితే బరకత్ ఉండదు" అంది.

క్లెయిమ్ పెట్టిన ఇరవై రోజులకు జవాబు వచ్చింది. ప్యాకింగ్ సరిగా లేదట. లక్క ఎండకు మెత్తబడుతుంది కాబట్టి అది సరుకు లోపమేనట. అన్నిటికన్నా పెద్దది మూడోది. పార్సిళ్లు పంపినవాళ్ల సొంత రిస్క్ మీద బుక్ అయ్యాయి, కాబట్టి షరతుల ప్రకారం పార్సిల్‌కు వంద రూపాయలిస్తామన్నారు.

చెల్లెను వెంటబెట్టుకుని గచ్చిబౌలిలో వాళ్ల దఫ్తర్‌కు వెళ్లాను. అద్దాల బిల్డింగ్, చల్లటి ఏసీ. అక్కడి అధికారి తమీజ్‌గానే మాట్లాడాడు. ఫారం తెచ్చి ముందు పెట్టాడు. "ఓనర్స్ రిస్క్" అన్న గడిలో టిక్కు. కింద దస్తఖత్.

"మీదే కదా సార్?"

నాదే. పదో తరగతి దాకా ఉర్దూ మీడియం, ఆ తర్వాత తెలుగులో డిగ్రీ. ఆ ఫారం ఈ రెండు జబాన్లలోనూ లేదు, ఇంగ్లీషులో ఉంది. కానీ అది బహానా. ఇరవై ఏళ్లుగా పేపర్లో ఇంగ్లీషు వార్తలు తర్జుమా చేస్తున్నవాణ్ణి. రాక కాదు, చదవక. "చదవకుండా సంతకం పెట్టకండి" అని పాఠకులకు ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు.

షరమ్‌తో నా చెయ్యి ప్రెస్ కార్డు వైపు పోయింది. చెల్లె చూసింది. ఏం మాట్లాడకుండా లేచి "చలో భాయీ" అంది. కింద ఆటో కోసం నిలబడ్డప్పుడు చెప్పింది:

"నీ కార్డ్ చూపిస్తే పైసలొస్తయేమో. మరి నువ్వు లేని రోజు నా రసీదు చెల్లదా?"

ఆ రాత్రి ఇంట్లో పంచాయతీ. "కోర్టు గీర్టు మనకొద్దు బేటా" అని అమ్మీ. "ఇన్సూరెన్స్ పైసలు జాయెజో కాదో తెల్వదు, సబర్ చేసుకోండి" అని పెద్ద భాయ్. ఆ మాట చెల్లె మనసులో కుట్టింది. మర్నాడు అసర్ తర్వాత నేను మా మహల్లా ఇమామ్ సాబ్‌ను అడిగాను. ఇన్సూరెన్స్ గురించి ఉలమాలో ఇఖ్తిలాఫ్ ఉంది, అది వేరే మసలా అన్నారు. "ఇక్కడ ముందు చూడాల్సింది ఉజ్రత్ తీసుకుని సామాను మోసినవాడి జిమ్మేదారి" అన్నారు. ధోబీ, దర్జీ, సామాను మోసేవాడు, ఇలా అందరి పనీ పట్టేవాణ్ణి ఫిఖ్హ్‌లో అజీర్-ఎ-ముష్తరక్ అంటారట. వాడి చేతల వల్ల సామాను పాడైతే నుక్సాన్ వాడే కట్టాలని ఇమామె ఆజమ్, ఆయన శాగిర్దులిద్దరూ ఒకే మాట మీద ఉన్నారట. వాడి చేత పాడుకాకుండా వాడి దగ్గర ఉండగా పోతే మాత్రం ఉస్తాద్‌కూ శాగిర్దులకూ రాయ్ వేరైందట. "హక్ అడగడం ఝగడా కాదు. కానీ నోటితో కాదు, రాసి అడుగు. ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ కర్జా లావాదేవీలు రాసిపెట్టుకోవాలని చెప్పేదే" అన్నారు.

రాయడమెలాగో నా వకీల్ దోస్తు చెప్పాడు. ముందు చేదు మాటే చెప్పాడు. 1996లో భారతి నిట్టింగ్ కంపెనీ, డిహెచ్ఎల్ కేసులో సుప్రీంకోర్టు తీర్పుంది. తిరుప్పూర్ బట్టల కంపెనీ జర్మనీకి పంపిన కాగితాల కవరు సమయానికి అందక లక్షల నుక్సాన్ వచ్చింది. సంతకం పెట్టిన రసీదులో వంద డాలర్ల హద్దు రాసి ఉంది కాబట్టి అంతే ఇవ్వాలని కోర్టు ఒప్పుకుంది. కొరియర్ వాళ్లందరూ ఇప్పటికీ ఆ తీర్పునే అడ్డం పెట్టుకుంటారట.

"అయితే నీ రసీదు సరిగ్గా చూడు" అన్నాడు. "టిక్కేమో ఓనర్స్ రిస్క్ దగ్గర. పైసలేమో రిస్క్ చార్జ్ పేరు మీద ఆరువందల యాభై. రిస్క్ నీదే అయితే ఆ పైసలు దేనికి తీసుకున్నట్టు?"

ఆ రాత్రి చెల్లె, నేను కూర్చుని ఉత్తరం రాశాం. అందులో మూడే సవాళ్లు. ఒకటి, రిస్క్ మాదైతే రిస్క్ చార్జ్ ఎందుకు తీసుకున్నారు? రెండు, అది ఇన్సూరెన్స్ అయితే చేసిన కంపెనీ ఏది, సర్టిఫికెట్ నంబర్ ఎంత? మూడు, ఎండకు మెత్తబడితే డబ్బా మూల ఎందుకు నలిగింది?

రెండో సవాల్ మీద వకీల్ బాగా జోర్ పెట్టాడు. ఈ దేశంలో రిజిస్ట్రేషన్ లేకుండా ఎవరూ బీమా వ్యాపారం చేయకూడదు. కొరియర్ మన తరఫున బీమా చేయించవచ్చు, తానే బీమా కంపెనీ కాలేదు. బీమా కంపెనీల మీద నిఘా పెట్టే ఐఆర్‌డీఏఐ పెద్ద దఫ్తర్ కూడా ఎక్కడో ఢిల్లీలో లేదు. మన నానక్‌రామ్‌గూడలోనే ఉంది, మేం తలొంచుకుని దిగి వచ్చిన ఆ అద్దాల బిల్డింగ్‌కు కొద్ది దూరంలో.

ఉత్తరానికి ఫోటోలు, రసీదుల నకళ్లు, కారీగర్ ఇచ్చిన బిల్లు, కర్నూలు సేఠ్ రాసిన డెలివరీ కాగితం జతచేసి రిజిస్టర్ పోస్టులో పంపాం. 2007 రోడ్డు రవాణా చట్టం ప్రకారం బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోగా రాతపూర్వక నోటీసు ఇవ్వకపోతే తర్వాత దావా వేసినా నిలవదని వకీల్ చెప్పాడు. ఫోన్లు, మెసేజీలు చేస్తూ దిన్ గుజారిస్తే ఆ గడువు దాటిపోతుంది.

పదిహేను రోజులకు ఫోన్ వచ్చింది. సర్టిఫికెట్ నంబర్ ఊసే లేదు. కర్నూలు పార్సిల్‌కు పూర్తిగా పద్దెనిమిది వేలు, నెల్లూరు దానికి సగం ఇస్తామన్నారు. నెల్లూరు కాగితం మీద డబ్బా నలిగిందని ఎవరూ రాయలేదు కదా, అదీ వాళ్ల పట్టు.

మళ్లీ అదే దఫ్తర్, అదే కుర్సీలు. ఈసారి కాగితం చెల్లె ముందు పెట్టారు. పెన్ను కూడా ఇచ్చారు. చెల్లె పెన్ను పక్కన పెట్టి చదవడం మొదలుపెట్టింది. వేలు ఒక్కొక్క లైన్ మీద పెట్టి, రాని లఫ్జ్ నన్ను అడుగుతూ. అధికారి రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. మూడో లైన్ దగ్గర ఆగింది.

"రెండు పార్సిళ్ల హిసాబు ఇంతటితో ఖతం అని రాశిన్రు. నాకు కర్నూల్ దానికే మొత్తం పైసలు ముట్టినయ్. దానికొక్కదానికే వేరే కాగితం రాయున్రి. నెల్లూర్‌ది సగం నాకొద్దు."

వేరే కాగితం టైపు చేయడానికి వాళ్లకు పది నిమిషాలు పట్టింది. అంతే.

నెల్లూరు పార్సిల్ మీద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాం. 2019 చట్టం ప్రకారం కొరియర్ ఆఫీసున్న చోటే వేయనక్కర్లేదు, మనం ఉండే చోట వేసుకోవచ్చు. ఐదు లక్షల దాకా ఫీజు లేదు. వకీల్ లేకుండా మనమే నిలబడొచ్చు. రెండేళ్ల లోపు వేయాలి. షరతులే జులుమ్‌గా ఉన్నాయని కొట్టేయించాలంటే మాత్రం రాష్ట్ర కమిషన్ దాకా పోవాలి. మేం అంత దూరం పోలేదు. పైసలు తీసుకుని సేవ సరిగా చేయలేదన్నదే మా ఫిర్యాదు. ఎలా మొదలుపెట్టాలో తెలియనివాళ్లు 1915కు ఫోన్ చేసి అడగొచ్చు.

ఫైసలా ఇంకా రాలేదు. ఓడిపోవచ్చు కూడా. నెల్లూరు నానా సంతకం వాళ్ల చేతిలో ఉంది, నా టిక్కు కూడా ఉంది. చెల్లెకు ఆ సంగతి తెలుసు. పద్దెనిమిది వేలు వచ్చిన రోజే వెళ్లి పిల్లల ఫీజు కట్టి, స్కూల్ రసీదు కూడా అక్కడే నిలబడి చదివి వచ్చింది.

పోయిన వారం కడపకు ఒక డబ్బా పంపాల్సి వచ్చింది. నేను తీసుకెళ్తానన్నాను. వద్దని తనే బయల్దేరింది. నేను వెనక నిలబడ్డాను. ముందు డబ్బాను నాలుగు వైపులా ఫోటో తీసింది. ఫారం మొత్తం చదివింది. మా వెనక లైన్లో ఎవరో విసుక్కుంటున్నారు. కౌంటర్ అబ్బాయి అలవాటుగా ఓనర్స్ రిస్క్ దగ్గర టిక్కు పెట్టేశాడు.

"అది కొట్టెయ్ బేటా" అంది చెల్లె. "పైసలు తీసుకుంటున్నవ్ గద, జిమ్మేదారి కూడా తీస్కో."

వాడు నా వైపు చూశాడు. నేను చెల్లె వైపు చూపించాను.