ట్రియెస్టె నుంచి కొర్డోబా దాకా: ఇంగ్లీషు పంతుళ్ల దారి

ఐరోపాలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి బతకడంలో మంచిచెడ్డలు తెలియాలంటే ప్రయాణం ట్రియెస్టెలో మొదలుపెట్టడం మేలు. ఇటలీ ఈశాన్యపు కొసన, ఏడ్రియాటిక్ ఒడ్డున ఉన్న ఈ రేవు పట్టణం 1904లో ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యానిది. ఆ ఏడాది అక్టోబరులో 22 ఏళ్ల ఐరిష్ రచయిత జేమ్స్ జాయిస్, ప్రియురాలు నోరా బార్నకుల్‌ను వెంటబెట్టుకుని డబ్లిన్ వదిలాడు. జూరిక్‌లోని బెర్లిట్జ్ భాషా బడిలో పంతులు ఉద్యోగం ఖాయమైందని అతని నమ్మకం. తీరా వెళ్తే అక్కడ ఖాళీ లేదు. ట్రియెస్టె వెళ్లమన్నారు, అక్కడా లేదు. చివరికి ఇంకా దక్షిణాన ఉన్న పోలాలో చోటు దొరికింది.

ట్రియెస్టె నుంచి ఆ ఊరికి బస్సు ఉంది. స్లొవేనియా నేలను కాసేపు తాకి, ఇస్ట్రియా ద్వీపకల్పంలో ద్రాక్షతోటలు, ఆలివ్ చెట్ల మధ్య ఎర్రనేల మీదుగా సాగుతుంది. పోలా పేరు ఇప్పుడు పూలా. ఊరు క్రొయేషియాలో ఉంది. రోమన్ల కాలపు సెర్గీ తోరణం పక్కన, ఒకప్పుడు బడి ఉన్న చోట, కాఫీ హోటలు ముందు జాయిస్ కంచు విగ్రహం కుర్చీలో కూర్చుని ఉంటుంది. అతని శిష్యుల్లో ఎక్కువమంది నౌకాదళ అధికారులు. సామ్రాజ్యపు ముఖ్య నౌకాస్థావరం అప్పట్లో ఇదే. వారానికి 16 గంటల పాఠాలు, 2 పౌండ్ల జీతం.

బోధనలో పెద్దగా అనుభవం లేని కుర్రాడికి ఈ ఉద్యోగం ఎలా దొరికింది? మాక్సిమిలియన్ బెర్లిట్జ్ 1878లో అమెరికాలో మొదలుపెట్టిన పద్ధతిలో తరగతిలో విద్యార్థి మాతృభాష వినపడకూడదు. వస్తువు చూపించి, చేసి చూపించి, మాట్లాడించి నేర్పాలి. కాబట్టి పంతులుకు ఊరి భాష రాకపోయినా ఫరవాలేదు, తన భాష తనకు వస్తే చాలు. ఈ వృత్తిలోకి రావడం తేలిక కావడానికి కారణం ఇదే. సులువుగా వచ్చే పంతులును సులువుగానే మార్చేయొచ్చు గనక జీతం పెరగకపోవడానికీ ఇదే కారణం.

1905 మార్చిలో జాయిస్ ట్రియెస్టెకు మారాడు. సాన్ నికోలో వీధిలో పక్కపక్క ఇళ్లలోనే బడీ, బసా. నెల తిరిగేసరికి అప్పు, తమ్ముడు స్టానిస్లాస్‌ను పిలిపించుకుంటే అతని సంపాదనా ఇంటి ఖర్చుకే. అయినా ఆ ఊరు అతనికి ఇచ్చింది తక్కువేం కాదు. పిల్లలిద్దరూ అక్కడే పుట్టారు, ఇంట్లో మాట్లాడుకున్నది ట్రియెస్టె యాసే. ఓడలకు వేసే రంగుల వ్యాపారం చేసే ఎత్తోరె ష్మిట్జ్ లండన్ పనుల కోసం ఇంగ్లీషు నేర్చుకోవాలని అతని దగ్గర చేరాడు. శిష్యుడు ఇతలో స్వేవో పేరుతో రాసి, ఎవరూ పట్టించుకోక వదిలేసిన నవలలను గురువు చదివి మెచ్చుకున్నాడు. స్వేవో మళ్లీ కలం పట్టి 1923లో జేనో అనే పాత్ర కథగా కొత్త నవల తెచ్చాడు. పరాయి ఊళ్లో పర్యాటకుడు బయటి నుంచి చూసి వెళ్లిపోతాడు, పంతులు మాత్రం ఆ ఊరివాళ్ల ఇంటి సంగతుల్లోకి, పని సంగతుల్లోకి వెళ్తాడు. ఈ ఉద్యోగంలో అన్నిటికంటే పెద్ద లాభం ఇదేనని నా నమ్మకం.

ఉత్తరాన ప్రాగ్‌లో ఇదే వృత్తి ఇంకో తీరులో కనిపిస్తుంది. 1989 దాకా చెక్ బడుల్లో రష్యన్ తప్పనిసరి. కమ్యూనిస్టు పాలన కూలగానే అందరికీ ఇంగ్లీషు కావలసి వచ్చింది, విదేశీ యువకులు వెల్లువలా వచ్చారు. ఇప్పటికీ అక్కడ ఎక్కువ పాఠాలు ఆఫీసుల్లోనే. పొద్దున్న ఏడున్నరకు ఒక కంపెనీ సమావేశ గదిలో మొదటి క్లాసు, ట్రామ్ ఎక్కి ఊరి ఆ కొసన రెండోది, మధ్యాహ్నమంతా ఖాళీ, ఆఫీసులు వదిలాక మళ్లీ రెండు. డబ్బు పాఠం చెప్పిన గంటకే, ట్రామ్‌లో గడిచిన గంటకు కాదు. విద్యార్థి ముందుగా కబురు చేసి మానేస్తే అదీ పోతుంది. చాలామంది ‘జివ్‌నో’ అనే స్వయం ఉపాధి లైసెన్సు మీద పనిచేస్తారు, ఆరోగ్య బీమా, సామాజిక భద్రత చందాలు నెలనెలా వాళ్లే కట్టుకోవాలి. క్రిస్మస్ సెలవుల్లో, జులై ఆగస్టుల్లో పాఠాలు ఉండవు, అద్దె మాత్రం ఆగదు. రెండేళ్లు ఊరు చూడటానికి వచ్చినవాళ్లకు ఇది భరించదగ్గదే. నలభై దాటి, పిల్లలున్నవాళ్లకు ఇది నిజమైన కష్టం.

అక్కణ్ణుంచి స్పెయిన్. కొర్డోబాలో పెద్ద మసీదు చూడటానికి వచ్చేవాళ్లకు తెలియని సంగతి, 1953లో జాన్ హేక్రాఫ్ట్, ఆయన భార్య బ్రీటా ఇంటర్నేషనల్ హౌస్ అనే ఇంగ్లీషు బడి పెట్టింది ఈ ఊళ్లోనే. పంతుళ్లకు తర్ఫీదు లేదన్న లోటు తీర్చడానికి వాళ్లు 1962లో లండన్‌లో మొదలుపెట్టిన చిన్న కోర్సే ఇవాళ్టి కేంబ్రిడ్జ్ ‘సెల్టా’కు మూలం. కనీసం 120 గంటల కోర్సు, పూర్తికాలం చదివితే సాధారణంగా నాలుగు వారాలు. అందులో 6 గంటలు నిజమైన విద్యార్థులకు పాఠం చెప్పి చూపించాలి. అది లేకుండా ఈ దారిలోకి దిగడం తనకూ పిల్లలకూ అన్యాయమే.

స్పెయిన్ ప్రభుత్వం తన బడులకు విదేశీ సహాయకులను తెచ్చుకుంటుంది. వాళ్లను ‘ఆక్సిలియార్’లంటారు. ఇటీవలి ఏళ్లలో చాలా ప్రాంతాల్లో వారానికి 14 గంటలకు నెలకు 800 యూరోలు, మాడ్రిడ్‌లో 16 గంటలకు 1,000. పూలాలో జాయిస్ చెప్పినన్ని గంటలే. ఇది జీతం కాదు, భృతి. కొర్డోబా దగ్గరి ఒక పల్లె బడిలో చూసిన క్లాసులో ఒక అమెరికన్ అమ్మాయి బెంచీ మీద నారింజలు, టమాటాలు పేర్చి అంగడి పెట్టింది. క్లాసు టీచరు వెనక నిలబడి అల్లరి అదుపు చేస్తోంది. అప్పటిదాకా నోరు విప్పని ఎనిమిదేళ్ల పిల్లాడు నారింజ పట్టుకుని “హౌ మచ్?” అన్నాడు. ధర ఎక్కువని బేరమూ ఆడాడు, అది మాత్రం స్పానిష్‌లో. ఆ అమ్మాయి ఆ పల్లెలో అద్దె సులువుగా కట్టుకోగలదు, అదే పని మాడ్రిడ్‌లో అయితే భృతిలో సగం దాకా గదికే పోతుంది. కొన్నిచోట్ల భృతి నెలల తరబడి ఆలస్యమవుతుంది గనక మొదటి మూడు నెలల ఖర్చు చేతిలో పెట్టుకుని వెళ్లాలని అనుభవజ్ఞులు చెప్తారు.

ఇన్ని ఊళ్లలోనూ మంచిచెడ్డలు తేల్చేది చివరికి పాస్‌పోర్టే. 2021 నుంచి బ్రిటిష్ వాళ్లకు కూడా యూరోపియన్ యూనియన్‌లో పని చేయడానికి అనుమతి కావాలి. దాంతో అనుమతి అక్కర్లేని ఐరిష్ వాళ్లకు గిరాకీ పెరిగింది. భారతీయ పాస్‌పోర్టుతో భాషా బడిలో ఉద్యోగం దొరకడం కష్టం. ఆ ఉద్యోగానికి యూనియన్‌లో తగినవాళ్లు లేరని చాలా దేశాల్లో యజమాని చూపించాలి, గంటల లెక్కన నడిచే చిన్న బడులు అంత శ్రమ తీసుకోవు. పైగా ‘నేటివ్ స్పీకర్’ కావాలనే ప్రకటనలు ఇంకా కనిపిస్తున్నాయి. ఒకటో తరగతి నుంచి ఇంగ్లీషు మీడియంలో చదివి, ఆ భాషలోనే పాఠాలు చెప్పిన హైదరాబాదు టీచరును పుట్టిన దేశం చూసి పక్కన పెట్టడం అన్యాయం. అలాంటివాళ్లకు లెక్కలు గానీ సైన్సు గానీ చెప్పే అర్హతతో అంతర్జాతీయ స్కూళ్లకు ప్రయత్నించడమే గట్టి దారి. చదువు కోసం వెళ్లిన తెలుగు విద్యార్థులు ట్యూషన్లతో ఖర్చులు వెళ్లదీసుకోవాలనుకుంటే వీసా షరతులు ముందే చదువుకోవాలి. స్పెయిన్‌లో చదువుతో పాటు వారానికి 30 గంటల వరకు పని చేయొచ్చు. జర్మనీలో ఏడాదికి 140 పూర్తి రోజుల ఉద్యోగానికి అనుమతి ఉంటుంది గానీ, సొంతంగా ట్యూషన్లు చెప్పడం స్వయం ఉపాధి కిందికి వస్తుంది, దానికి అక్కడి విదేశీయుల కార్యాలయం నుంచి విడిగా అనుమతి తెచ్చుకోవాలి.